కారు టైర్లు ఎక్కడ కొనాలి, ఎక్కడ బాగు చేయించాలి: పొదిలి నుంచి వచ్చిన ప్రశ్నకు సమాధానం

మీరు రాసిన దానిని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు పొదిలిలో ఉంటారు, ఇటీవల ఒక పాత స్విఫ్ట్ కొన్నారు. ముందు టైర్లు రెండూ లోపలి అంచున గుండు అయిపోయాయి. వెనక ఎడమ టైరు సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద సగం నిమ్మకాయంత ఉబ్బు కనిపిస్తోంది. వారానికోసారి ఒంగోలుకు, నెలకోసారి కుటుంబంతో చెన్నైకి వెళ్తారు. ఆన్‌లైన్‌లో ధర తక్కువ, ఒంగోలు డీలరు చెప్పే ధర ఎక్కువ. మీ ఊరి పంక్చర్ షాపతనేమో ఉబ్బిన టైరుకు లోపల ప్యాచ్ వేసి ట్యూబు ఎక్కిస్తే ఇంకో ఏడాది నడుస్తుందంటున్నారు. ఎక్కడ కొనాలి, ఎక్కడ బాగు చేయించాలి అన్నది మీ సందేహం.

సూటిగా చెబుతాను. టైర్లను ఒంగోలులోనో నెల్లూరులోనో, చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్, చక్రం చుట్టూ బరువు సమంగా సర్దే బ్యాలెన్సింగ్ యంత్రాలు అదే ఆవరణలో ఉండి, సరుకు త్వరగా అమ్ముడుపోయే డీలరు దగ్గర కొని, అక్కడే ఎక్కించుకోండి. పంక్చర్లకు మాత్రం టైరును రిమ్ము నుంచి ఊడదీసి లోపలి వైపు చూశాకే పని మొదలుపెట్టే మనిషిని ఎంచుకోండి. ఆ మనిషి మీ ఊళ్లోనే చిన్న రేకుల షెడ్డులో ఉండవచ్చు, అందులో తప్పేమీ లేదు. కొనే చోటు, బాగు చేయించే చోటు ఒకటే కావాలన్న నియమం లేదు. నేను నెల్లూరులో ఒక టైర్ల దుకాణంలో అలైన్‌మెంట్ పని నేర్చుకుని, ఆ తరువాత ఒంగోలులో ట్రావెల్స్ కార్ల నిర్వహణ చూస్తూ వచ్చినవాడిని. ఈ రెండు పనులకు రెండు వేర్వేరు చోట్లకు వెళ్లడమే నాకు అలవాటు.

ఉబ్బు సంగతి అన్నిటికంటే ముందు తేల్చుకోవాలి. టైరు సైడ్‌వాల్‌లో రబ్బరు పొరల మధ్య దారాల అల్లిక ఉంటుంది, గాలి ఒత్తిడిని భరించేది ఆ అల్లికే. గుంతలోనో డివైడరు అంచు మీదనో గట్టిగా దెబ్బ తగిలినప్పుడు ఆ దారాలు తెగిపోతాయి, తెగిన చోట రబ్బరు ఒక్కటే గాలిని మోస్తూ బయటికి పొంగుతుంది. దానికి లోపల ప్యాచ్ అంటించినంత మాత్రాన తెగిన దారాలు అతుక్కోవు. ట్యూబు వేస్తే గాలి కారకపోవచ్చు గాని, అదే ఒత్తిడి అదే బలహీనమైన చోట పడుతూనే ఉంటుంది. పైగా ట్యూబుకూ టైరుకూ మధ్య రాపిడి పెరిగి వేడి ఎక్కువవుతుంది. మీ ఊరి షాపతను మిమ్మల్ని మోసం చేయాలని చెప్పి ఉండరు, ట్రాక్టరు టైర్లకు, పాత జీపులకు అలా చేసి నడిపించిన అనుభవంతో చెప్పి ఉంటారు. కాని పొలం దారిలో మెల్లగా పోయే బండికి సరిపోయిన పని, జాతీయ రహదారి మీద గంటకు వంద కిలోమీటర్ల వేగానికి పనికిరాదు. ఆ టైరుతో చెన్నై మాట అటుంచి, ఒంగోలు దాకా కూడా వెళ్లవద్దు. స్టెప్నీ బిగించుకుని రండి.

ఇక కొనే చోటు. చాలామంది టైరు ధరను మాత్రమే పోల్చి చూస్తారు. నిజానికి పోల్చవలసింది టైరు మీ కారుకు ఎక్కి, సరిగా తిరిగే స్థితికి వచ్చేదాకా అయ్యే మొత్తం ఖర్చు. టైరు ధర, జీఎస్టీ, ఎక్కించే కూలి, కొత్త వాల్వు, బ్యాలెన్సింగ్ బరువులు, అలైన్‌మెంటు అన్నీ కలిపి ఎంత అని అడగండి. ఆన్‌లైన్ ధరకు ఈ ఖర్చులు కలిపితే తేడా చాలాసార్లు సగానికి పడిపోతుంది, కొన్నిసార్లు ఏమీ మిగలదు. పన్ను విషయం కూడా తెలుసుకుని వెళ్లండి. కారు టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా 5,000 రూపాయల టైరు అంతకు ముందు 6,400 పడేది, ఇప్పుడు 5,900 పడాలి. పాత ధరల పట్టిక చూపించి, దాని మీద తగ్గింపు ఇస్తున్నట్టు మాట్లాడేవారు ఉంటారు కాబట్టి బిల్లులో పన్ను శాతం చూసుకోండి. బిల్లు లేకుండా ఇంకొంత తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. తయారీ లోపం బయటపడినప్పుడు కంపెనీ ముందుగా అడిగేది ఆ కాగితాన్నే. బిల్లులో టైరు సైజు, మోడలు పేరుతో పాటు సీరియల్ నంబరు కూడా రాయించుకోండి.

తయారీ తేదీ చూడకుండా టైరును రిమ్ముకు ఎక్కించనివ్వవద్దు. సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని సూచిస్తాయి. 2325 అని ఉంటే 2025లో 23వ వారంలో తయారైందని అర్థం. ఈ నాలుగు అంకెలు చాలా టైర్లకు ఒక వైపే ఉంటాయి. ఆ వైపు కారు లోపలికి వెళ్లేలా ఎక్కించాక వంగి టార్చిలైటు వేస్తే తప్ప కనిపించవు. అందుకే ఎక్కించక ముందు చూడమంటున్నాను. ఏడాది లోపు తయారైన టైరు దొరికితే మంచిది, నీడలో సరిగా నిలవ చేసిన ఏడాదిన్నర టైరునైనా నేను తీసుకుంటాను. అంతకు మించితే ధర బాగా తగ్గించినా వద్దనే చెబుతాను. మన వైపు ఎండల్లో, రేకుల కప్పు కింద, పైపెచ్చు దుకాణం ముందు ప్రదర్శనకు పేర్చిన టైర్ల రబ్బరు వాడకుండానే గట్టిపడిపోతుంది. సరుకు త్వరగా అమ్ముడుపోయే డీలరు కావాలని మొదట్లో అన్నది ఇందుకే. మీ సైజు ఎక్కువగా అమ్ముడయ్యే చోట పాత నిల్వ మిగలదు. ఒకసారి ఒక చిన్న పట్టణంలో మా డ్రైవరు ఒకరికి భారీ తగ్గింపుతో కొత్త టైర్లు అంటగట్టారు. రబ్బరు మీద వెంట్రుకల్లాంటి మొనలు కూడా చెక్కుచెదరలేదు గాని, తేదీ చూస్తే మూడేళ్లు దాటింది. డ్రైవరు కోప్పడినా అప్పటికే నాలుగూ కారుకు ఎక్కేశాయి, దుకాణదారు వెనక్కి తీసుకోలేదు.

సైజు గురించి ఎక్కువ చెప్పను. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద కనిపించే స్టిక్కరులో ఉన్నదే కొనండి. ఉదాహరణకు 185/65 ఆర్ 15 88 హెచ్ అని ఉంటే, 185 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 65 శాతం సైడ్‌వాల్ ఎత్తు, 15 అంగుళాల రిమ్ము అని అర్థం. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోల బరువు మోయగలదు, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగానికి తట్టుకోగలదు. 88కి బదులు అంతకంటే చిన్న అంకె ఉన్న టైరును, అదీ సరిపోతుందని ఎవరు చెప్పినా తీసుకోవద్దు. ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడండి, మన దేశంలో అమ్మే కారు టైర్లకు అది తప్పనిసరి. ఎంఆర్ఎఫ్, అపోలో, సియట్, జేకే, బ్రిడ్జ్‌స్టోన్, మిషెలిన్ వంటి పేర్లలో ఏది గొప్ప అని మీరు అడగలేదు, నేనూ ఆ చర్చలోకి దిగను. మీరు నడిపే దారులకు బ్రాండు తేడా కంటే బిగింపులో, గాలిలో వచ్చే తేడానే ఎక్కువ.

డీలరును పరీక్షించడానికి నాదొక పద్ధతి ఉంది. కొనే రోజు కాక, ఒక రోజు ముందే వెళ్లి కాసేపు కూర్చుని, వేరే వాళ్ల కారుకు ఎలా పని చేస్తున్నారో చూస్తాను. నట్లను ఎదురెదురుగా బిగిస్తున్నారా, వరుసగా చుట్టూ బిగించుకుంటూ పోతున్నారా? గాలి తుపాకీతో ఇష్టమొచ్చినట్టు బిగించి వదిలేస్తున్నారా, చివర్లో సరైన బిగువును కొలిచి బిగించే టార్క్ రెంచి పెడుతున్నారా? పాత బ్యాలెన్సింగ్ బరువులు పీకేసి మొదటి నుంచి చూస్తున్నారా, పాతవాటి పక్కనే కొత్తవి తగిలిస్తున్నారా? వచ్చిన ప్రతి కారుకూ ఒకే గాలి కొడుతున్నారా, తలుపు స్టిక్కరు చూస్తున్నారా? ఈ నాలుగూ చూస్తే ఆ దుకాణం సంగతి చాలావరకు తెలిసిపోతుంది. ఏసీ గది, కాఫీ యంత్రం, గోడ నిండా బోర్డులు ఉన్నచోట కూడా నట్లను రెంచి లేకుండా బిగించి పంపడం చూశాను. అలా అతిగా బిగిసిన నట్లు దారిలో టైరు పంక్చరైనప్పుడు మీ చేతి స్పానరుకు ఊడవు.

మీ ముందు టైర్లు లోపలి అంచున అరిగాయన్న మాట చాలా ముఖ్యం. టైరు అరిగిన తీరే దాని జబ్బు చెబుతుంది. నడుమ అరిగితే గాలి ఎక్కువ, రెండంచులూ అరిగితే గాలి తక్కువ, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంటు తప్పింది, అక్కడక్కడ గుంటలుగా అరిగితే షాక్ అబ్జార్బర్లో బ్యాలెన్సింగో చూడాలి. రెండు ముందు టైర్లూ లోపలి వైపే అరిగాయంటే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం) గాని క్యాంబరు (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు ఒరిగిన కోణం) గాని తప్పి, పాత యజమాని పట్టించుకోకుండా నడిపారన్నమాట. దీన్ని సరిచేయకుండా కొత్త టైర్లు వేస్తే, కొత్తవీ అదే అంచున కొద్ది వేల కిలోమీటర్లకే అరిగిపోతాయి. అలైన్‌మెంటుకు ముందు చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, సస్పెన్షన్ బుష్‌లు వదులై ఆడుతున్నాయో లేదో కారును పైకెత్తి చూడమనండి. వదులుగా ఉన్న భాగాల మీద అలైన్‌మెంటు చేస్తే కంప్యూటరు తెర మీద అంకెలన్నీ పచ్చరంగులోకి వస్తాయి, కారు గుంతలో పడగానే మళ్లీ తప్పుతాయి. మా కారు ఒకదానికి ఇలాగే రెండు చోట్ల అలైన్‌మెంటు చేయించి, రెండు చోట్లా అందమైన కాగితం అచ్చేసి ఇచ్చినా టైరు అరుగుదల ఆగలేదు. మూడో చోట ఒక పెద్దాయన చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూసి, కింది బాల్ జాయింటు పోయిందని చెప్పారు. అది మార్చాక చేసిన అలైన్‌మెంటు నిలబడింది. ఇంత పరిశీలన ఆన్‌లైన్‌లో కొన్న టైరుతో పాటు రాదు.

ఆన్‌లైన్ అసలే వద్దని కాదు. ఒంగోలులో మీ సైజులో మీరు కోరిన మోడలు దొరక్కపోతేనో, తేడా నిజంగా పెద్దదైతేనో తెప్పించుకోవచ్చు. అప్పుడు ఎక్కించే దుకాణంతో ముందే మాట్లాడుకోండి. బయట కొన్న టైర్లు ఎక్కించడానికి కొందరు ఇష్టపడరు, కొందరు కూలి ఎక్కువ అడుగుతారు. టైరు ఇంటికి రాగానే తేదీ, అంచుల దగ్గర నలుగుడు చూసి, నచ్చకపోతే ఎక్కించక ముందే తిప్పి పంపండి. ఒకసారి రిమ్ము ఎక్కిన టైరును వెనక్కి తీసుకునేవారు దాదాపు ఉండరు. రేపు కంపనం వస్తే టైరు అమ్మినవారు బిగింపును, బిగించినవారు టైరును తప్పుపడతారు. ఒకే చోట కొని బిగించుకుంటే ఆ వాదనకు అవకాశం ఉండదు.

సెకండ్ హ్యాండ్ టైర్లు మాత్రం ఎంత తక్కువకు వచ్చినా కొనవద్దు. అరిగిన టైరుకు వేడి బ్లేడుతో కొత్తగా గాళ్లు కోసి, నల్ల పాలిష్ పూసి అమ్ముతారు. గాడి లోతుగా కనిపిస్తుంది గాని, కింద ఉక్కు తీగల పొర మీద మిగిలే రబ్బరు కాగితమంత. కారు టైరులో గాళ్ల మధ్య 1.6 మిల్లీమీటర్ల ఎత్తున అరుగుదల గుర్తుగా చిన్న దిమ్మలు ఉంటాయి. రోడ్డును తాకే ట్రెడ్డు అరిగి ఆ దిమ్మల మట్టానికి వచ్చిందంటే మార్చవలసిందే. కోత వేసిన టైర్లలో ఆ దిమ్మలు తెగిపోయి గాని, గాడి కంటే బాగా ఎత్తుగా నిలిచి గాని కనిపిస్తాయి.

ఎన్ని కొనాలన్నది మీరు అడగకపోయినా తేల్చుకోవాలి. మీ ముందు రెండూ, వెనక ఎడమదీ పోయినట్టే. వెనక కుడి టైరు తేదీ చూడండి. అయిదేళ్లు దాటి ఉంటే నాలుగూ కొనేసి, ఆ కుడిదానిలో పగుళ్లు లేకపోతే స్టెప్నీగా కొంతకాలం ఉంచుకోండి. అది ఇంకా కొత్తదై, స్టెప్నీ కూడా దానికి దగ్గరి అరుగుదలతో ఉంటే, ఆ రెండింటినీ ముందుకు తెచ్చి, కొత్తవి రెండూ వెనక వేయించి, స్టెప్నీకి మరొకటి కొనవచ్చు. కొత్తవి ముందు వేస్తామని చాలా దుకాణాల్లో అంటారు. ఒప్పుకోకండి. వానలో వెనక చక్రాలు జారితే కారు గిర్రున తిరుగుతుంది, మామూలు డ్రైవరు దాన్ని అదుపు చేయలేడు. ముందువి జారితే కారు నేరుగా పోతుంది, వేగం తగ్గించి నిలదొక్కుకోవడానికి అవకాశం ఉంటుంది.

ఇప్పుడు రిపేర్ల సంగతి. పొదిలి, చీమకుర్తి దారిలో తిరిగేవారికి పంక్చరు తప్పదు. గ్రానైట్ టిప్పర్ల నుంచి రాలిన పదునైన రాళ్లు, రోడ్డు వారన సర్కారు తుమ్మ ముళ్లు ఉండనే ఉన్నాయి. ట్యూబ్‌లెస్ టైరుకు పంక్చరైతే మన షాపుల్లో టైరు ఊడదీయకుండానే సూదితో జిగురు తాడు దూర్చి, మిగిలింది కోసి, అయిదు నిమిషాల్లో పంపిస్తారు. దారిలో ఆగిపోయిన మనిషిని ఇల్లు చేర్చడానికి అది మంచి పద్ధతే, నా కార్లలో కూడా ఆ కిట్టు ఉంటుంది. అయితే దాన్ని తాత్కాలికమైన పనిగానే చూడాలి. శాశ్వతమైన పని వేరే ఉంది. టైరును ఊడదీసి, రంధ్రాన్ని శుభ్రం చేసి, లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారంలో ఉండే ప్యాచ్‌ను లాగి అంటించాలి. దాని కాడ రంధ్రాన్ని నింపుతుంది, గొడుగు లోపలి పొరను మూస్తుంది. తడి, గాలి లోపలికి చేరి ఉక్కు తీగలు తుప్పు పట్టకుండా ఉంటుంది. ఖర్చు తాడు పనికి రెండు మూడింతలు అవుతుంది, అరగంట పడుతుంది. నెలకోసారి చెన్నై వెళ్లే మీకు ఇదే సరైనది.

ట్రెడ్డు నడుమ భాగంలో, 6 మిల్లీమీటర్లకు మించని రంధ్రం అయితేనే బాగు చేయించండి. ట్రెడ్డు, సైడ్‌వాల్ కలిసే భుజం దగ్గర, సైడ్‌వాల్ మీద, లేదా పాత ప్యాచ్‌ను ఆనుకుని రంధ్రం పడితే టైరు మార్చుకోవలసిందే. ఊడదీయడం వల్ల ఇంకో లాభం ఉంది. గాలి పోయాక తెలియక కొంత దూరం నడిపితే సైడ్‌వాల్ లోపల నలిగి, నల్లటి రబ్బరు పొడి రాలుతుంది. బయటి నుంచి టైరు నిక్షేపంలా కనిపిస్తుంది. లోపల చేయి పెట్టి తుడిస్తే పొడి అంటుకుంటుంది. అలాంటి టైరుకు ఎంత చక్కగా ప్యాచ్ వేసినా వేసవిలో పేలే ప్రమాదం ఉంది. లోపల పొడి చూపించి, ఈ టైరుకు పని చేయనని చెప్పి, ఆ బేరం వదులుకునే మనిషి దొరికితే ఆయన్ను వదులుకోకండి. మంచి రిపేరు షాపుకు నేను చూసే మొదటి గుర్తు అదే.

పంక్చరు లేకుండానే వారానికి కొంత గాలి దిగిపోతుంటే రిమ్ము అంచును అనుమానించండి. శింగరాయకొండ నుంచి ముత్తుకూరు దాకా సముద్రం పక్క ఊళ్లలో, రొయ్యల చెరువుల మీద తిరిగే కార్లకు ఇది తరచుగా వస్తుంది. ఉప్పుగాలికి ఇనుప రిమ్ము అంచు తుప్పు పట్టి, టైరు సరిగా కూర్చోదు. అప్పుడు టైరు ఊడదీసి, అంచును బాగా రుద్ది, సీలెంటు పూసి ఎక్కించాలి. తుప్పును వదిలేసి ట్యూబు వేయడం ఇక్కడ కూడా తేలికగా చెప్పే సలహా, అదే తప్పు పని. మీ కారు ఇంతకు ముందు ఎక్కడ తిరిగిందో ఆర్‌సీ చూస్తే కొంత తెలుస్తుంది.

గాలి విషయం మీ చేతిలో పని. చల్లగా ఉన్నప్పుడు, అంటే ఉదయం బయలుదేరక ముందు, స్టిక్కరులో ఉన్నంత పెట్టించండి. నిండా మనుషులు, సామాను ఉంటే అదే స్టిక్కరులో ఎక్కువ అంకె వేరేగా ఉంటుంది. వేడి అయిదారు డిగ్రీలు పెరిగితే ఒత్తిడి దాదాపు ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెరుగుతుంది, కాబట్టి రోహిణి ఎండలో టంగుటూరు టోల్ దాటాక చూస్తే ఎక్కువగానే కనిపిస్తుంది. అది చూసి గాలి తీసేయవద్దు. ఎండాకాలంలో పేలతాయని తక్కువ గాలితో నడిపేవారిని చాలామందిని చూశాను. నిజానికి గాలి తక్కువైన టైరే ఎక్కువగా వంగి, ఎక్కువగా వేడెక్కి పేలుతుంది. బంకుల్లో మీటర్లు ఒకదానికొకటి కలవవు గనుక సొంత గేజి ఒకటి కొనుక్కోండి. నైట్రోజన్ ఉచితంగా ఇస్తే నింపించుకోండి, డబ్బు పెట్టవలసిన పని లేదు. మామూలు గాలిలో ఉన్నదే 78 శాతం నైట్రోజన్.

వారంటీ గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. కంపెనీలు ఇచ్చేది సాధారణంగా తయారీ లోపానికి మాత్రమే, అది కూడా మిగిలిన ట్రెడ్డు లోతును బట్టి లెక్క కట్టి. గుంతలో పడి ఉబ్బినా, రాయి కోసినా చాలా మోడళ్లకు వర్తించదు. కొన్ని మోడళ్లకు మాత్రం కొన్న తరువాత నమోదు చేసుకుంటే అలాంటి నష్టానికీ కొంత రక్షణ ఇస్తారు. కొనేటప్పుడే అడిగి, దుకాణంలో ఉండగానే నమోదు చేయించుకోండి, ఇంటికి వెళ్లాక ఎవరూ చేయరు.

ఇక మీరు చేయవలసింది. స్టెప్నీ వేసుకుని ఒక పనిరోజు ఉదయాన్నే ఒంగోలు రండి, ఆదివారం సాయంత్రం రద్దీలో అలైన్‌మెంటు బే మీద ఎవరూ ఓపికగా పని చేయరు. కర్నూలు రోడ్డు వైపు, బైపాస్ వైపు రెండు మూడు చోట్ల మొత్తం ఖర్చు అడిగి, తేదీ చూపించమనండి. సస్పెన్షన్ చూశాక టైర్లు, తరువాత బ్యాలెన్సింగ్, చివర అలైన్‌మెంటు, ఈ వరుస తప్పనివ్వకండి. పొదిలి తిరిగి చేరాక మరుసటి రోజు నట్లను ఒకసారి మళ్లీ బిగించి చూసుకోండి, అయిదారు వేల కిలోమీటర్లకు టైర్లను ముందుకూ వెనక్కూ మార్పించండి. చెన్నై బయలుదేరే ముందు డిక్కీలో స్టెప్నీ గాలి చూసి, కారుతో వచ్చిన స్పానరుతో ఒక నట్టు మీ చేతులతో ఊడుతుందో లేదో ఇంటి దగ్గరే ప్రయత్నించండి. ఊడకపోతే మీ ఊరి పంక్చర్ షాపుకు వెళ్లి అన్నీ వదులు చేయించి, సరైన బిగువుకు మళ్లీ బిగించుకోండి.